క్లాష్ రాయల్: పేకాట తెలిసినవాళ్ళకి ఇట్టే ఎక్కే ఫోన్ గేమ్

క్లాష్ రాయల్ వచ్చింది 2016 మార్చిలో, నేను మొదలుపెట్టింది కూడా ఆ ఏడాదే, అప్పుడు బీటెక్ రెండో సంవత్సరం. ఇప్పటికి కనీసం ఆరుసార్లు డిలీట్ చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుంటాను. డిలీట్ చేసిన ప్రతిసారీ "ఇది డబ్బున్నోడి గేమ్‌రా, మనకెందుకు" అని తిట్టుకున్నాను, మళ్ళీ వేసుకున్న ప్రతిసారీ ఒకే కారణం, మూడు నిమిషాల్లో అవతలివాడి బుర్ర చదివే ఆట ఫోన్‌లో నాకు ఇంకోటి దొరకలేదు. కాబట్టి బొమ్మలు బాగున్నాయా, పాటలు బాగున్నాయా అని చెప్పను. నేను చెప్పేది ఒక్క విషయం గురించి: టైమింగ్, ముందే ఊహించడం. ఈ గేమ్‌లో వాటికి నిజంగా విలువుందా, లేక అదంతా లక్కేనా, డబ్బేనా అన్నది.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో ఉండే సూపర్‌సెల్ వాళ్ళది ఈ గేమ్, క్లాష్ ఆఫ్ క్లాన్స్ చేసినవాళ్ళే. అటొకరు ఇటొకరు, ఒక్కొక్కరికి మూడు టవర్లు, మధ్యలో నది, దానిమీద రెండు బ్రిడ్జిలు. ఎనిమిది కార్డుల డెక్ మనమే పేర్చుకోవాలి, చేతిలో ఎప్పుడూ నాలుగే ఉంటాయి, తర్వాత వచ్చే ఐదోది మూలన చిన్నగా కనబడుతుంది. కార్డు వేస్తే సైనికుడో, భవనమో, మంత్రమో మైదానంలో దిగుతుంది, అవతలి టవర్లు కూల్చడమే పని. కార్డు వేయాలంటే ఎలిక్సిర్ అనే గులాబీ రంగు శక్తి ఖర్చు పెట్టాలి, అది దానంతటదే నిండుతుంటుంది. అది పదికి మించి నిలవదు, నిండాక వచ్చేదంతా వృథా. మూడు నిమిషాలు ఆట, సమం అయితే ఇంకొంచెం. అంతే. రూల్స్ పది నిమిషాల్లో వచ్చేస్తాయి, మిగతాది మాత్రం నాకు ఇంకా రావట్లేదు.

మొదటి ఏడాదంతా నేను ఈ గేమ్‌ని తప్పుగా ఆడాను. మంచి కార్డు చేతికి రాగానే బ్రిడ్జి దగ్గర పడేయడం, ఏమవుతుందో చూడటం. గెలిస్తే నా గొప్ప, ఓడితే "వాడి లెవెల్ ఎక్కువ". చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఆగిపోయి స్టోర్‌లో ఒక్క స్టార్ ఇచ్చి వెళ్ళిపోతారు. తప్పేం కాదు, ఎందుకంటే అసలు ఆట ఎక్కడుందో గేమ్ చెప్పదు. ట్యుటోరియల్‌లో కార్డుని ఎక్కడ లాగాలో చూపిస్తారు గానీ అవతలివాడి ఎలిక్సిర్ లెక్కపెట్టమని ఎవరూ చెప్పరు.

అసలు కిటుకంతా ఆ లెక్కలోనే ఉంది. మామూలు వేగంలో ఒక ఎలిక్సిర్ రావడానికి 2.8 సెకన్లు పడుతుంది, ఇద్దరికీ అంతే. చివరి నిమిషంలో 1.4 సెకన్లకే వస్తుంది. ఒకసారి కూర్చుని లెక్కేస్తే తమాషా అనిపించింది: మొదటి రెండు నిమిషాల్లో సుమారు 43 వస్తే, చివరి ఒక్క నిమిషంలోనే ఇంకో 43 వస్తుంది. అంటే సగం యుద్ధం ఆఖరి నిమిషంలోనే ఉంది. మొదట్లో ఎగబడి టవర్ కొట్టేయాలని ఆరాటపడేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే చాలా ఓటములు తప్పుతాయి.

ఇద్దరికీ ఒకే వేగంతో వస్తుంది కాబట్టి తేడా అంతా ఖర్చులోనే. వాడు మూడు పెట్టి స్కెలెటన్ ఆర్మీ వేశాడు, పదిహేను అస్థిపంజరాలు, నేను రెండు పెట్టి లాగ్, అంటే దుంగ, దొర్లించి మొత్తం ఊడ్చేశాను, నాకు ఒకటి మిగులు. వాడు ఐదు పెట్టి మినియన్ హోర్డ్ వేస్తే నేను మూడుతో బాణాలు వేశాను, రెండు మిగులు. ఇలాంటివి రెండు మూడు కలిశాయంటే వాడి జేబు ఖాళీ, మన దగ్గర సరుకు ఉంది, ఇక దాడి. అందరికీ తెలిసిన సీన్: వాడి ఎలిక్సిర్ నిండుగా ఉంది, టవర్ వెనక ఎనిమిది పెట్టి గోలెమ్ వేశాడు. ఇప్పుడు వాడి దగ్గర రెండే ఉంది. మళ్ళీ నాలుగు అవ్వాలంటే ఐదున్నర సెకన్లు పైనే కావాలి. ఆ గోలెమ్ కొండ కదిలినట్టు వచ్చేలోపు అవతలి లేన్‌లో మనం దూకేయొచ్చు. కొత్తవాళ్ళు మాత్రం గోలెమ్‌ని చూసి బెంబేలెత్తి దానికోసమే ఎలిక్సిర్ దాచుకుని కూర్చుంటారు, నేనూ కూర్చున్నాను ఒకప్పుడు.

రెండో లెక్క కార్డుల వరస. ఇది నాకు నేర్పింది యూట్యూబ్ కాదు, మా బాబాయి. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు (మాది భీమవరం పక్కన) మధ్యాహ్నం భోజనాలయ్యాక పేకాట గుంపు ఇంకా చేరలేదు, ఆయన అరుగుమీద నా పక్కనే కూర్చుని నా ఫోన్‌లోకి తొంగి చూస్తున్నాడు. ఏంట్రా ఇది అంటే ఎనిమిది కార్డులు, చేతిలో నాలుగు, ఒకటి వేస్తే అది వెనక్కి పోతుంది, మళ్ళీ నాలుగు వేరేవి వేస్తే గానీ చేతికి రాదు అని చెప్పాను. "ఓస్, ఎనిమిది ముక్కలేనా! మాకు చేతిలోనే పదమూడు, బల్లమీద రెండు పేకలు" అన్నాడు. నేను పట్టించుకోలేదు. రెండు ఆటలు ఊరికే చూశాడు. మూడో ఆటలో అవతలివాడిది లాగ్ బెయిట్ డెక్, అంటే మన లాగ్‌కి ఎర వేసే రకం. ముందు ప్రిన్సెస్‌ని దూరంగా నిలబెడతాడు, అది కుదురుగా నిలబడి మన టవర్‌ని గుచ్చుతుంటే మనకి చిరాకొచ్చి లాగ్ వాడేస్తాం, వాడేసిన మరుక్షణం గోబ్లిన్ బ్యారెల్, అంటే గోబ్లిన్లు నిండిన డబ్బా, గాల్లో లేచి మన టవర్ నెత్తిన పడుతుంది. నేను సరిగ్గా అదే చేశాను. ప్రిన్సెస్ మీద లాగ్ వదిలాను. బాబాయి "ఒరేయ్, ఆ దుంగ ఇప్పుడెందుకు పడేశావురా, ఆ డబ్బా వాడి చేతికి వచ్చేసిందిగా" అన్నాడు. మాట పూర్తయ్యేలోపే డబ్బా వచ్చి పడింది.

ఎలా తెలిసింది బాబాయ్ అంటే ఆయనకి అది ప్రశ్నలాగే అనిపించలేదు. "ఇందాక డబ్బా వేశాడు, తర్వాత నాలుగు ముక్కలు దిగాయి, ఇక రాకేం చేస్తుంది?" అన్నాడు. రమ్మీలో ఎవరు ఏ ముక్క ఎత్తారో, ఏది పడేశారో ముప్పై ఏళ్ళుగా గుర్తుపెట్టుకుంటున్న మనిషి. కళావర్ ఎనిమిది పడేస్తే పక్కవాడు ఎత్తుకుంటాడా లేదా అని ఆలోచించే బుర్రకి ఈ ఎనిమిది కార్డులు ఎంత. ఆ రోజునుంచే నాకు ఈ గేమ్ వేరేలా కనబడటం మొదలైంది, ప్రిడిక్షన్ అంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఊహించడం కాదని అప్పుడే అర్థమైంది. సగానికి పైగా అది జ్ఞాపకం, ఆ పైన కూడికలు తీసివేతలు, చివర్న కొంచెం మాత్రమే ధైర్యం.

ఈ వరస లెక్క తెలిస్తే అందరూ తిట్టుకునే 2.6 హాగ్ డెక్ ఎందుకంత చిరాకు పెడుతుందో కూడా తెలుస్తుంది. హాగ్ రైడర్ (పంది మీద సుత్తి పట్టుకొచ్చేవాడు), మస్కెటీర్, ఐస్ గోలెమ్, ఐస్ స్పిరిట్, స్కెలెటన్స్, కానన్ (ఫిరంగి), ఫైర్‌బాల్, లాగ్. ఎనిమిదింటి ఖర్చు కలిపితే 21, సగటు 2.6. అందులో చవకవి నాలుగు తిప్పడానికి ఆరు ఎలిక్సిర్ చాలు, ఆ పైన హాగ్‌కి నాలుగు, మొత్తం పది. అంటే మామూలు వేగంలో ఇంచుమించు 28 సెకన్లకోసారి హాగ్ వచ్చి మన తలుపు కొడుతూనే ఉంటుంది. మన కానన్ ఆ వేగంతో తిరిగి రాకపోతే ఏదో ఒకసారి చేతిలో కానన్ లేకుండా హాగ్ ముందు నిలబడాల్సిందే. వాడు ఆ ఒక్క సందు కోసమే ఎదురుచూస్తుంటాడు.

ఇక టైమింగ్. కానన్‌నే తీసుకోండి, ఈ ఆటలో అదీ భవనం కిందే లెక్క. హాగ్ భవనాల మీదికి తప్ప ఇంక దేనిమీదికీ వెళ్ళదు, దారిలో ఎవరున్నా పట్టించుకోదు. కాబట్టి మధ్యలో, నదికి నాలుగు గళ్ళు ఇవతల కానన్ పెడితే దారి తప్పి దానివైపు లాక్కొస్తుంది, లాక్కొచ్చే దారిలో రెండు పక్కల టవర్లూ దాన్ని కొడతాయి, చచ్చేలోపు మన టవర్ మీద ఒక్క దెబ్బ కూడా పడదు. అదే కానన్ ఒక్క సెకను లేటుగా పెట్టారనుకోండి, హాగ్ అప్పటికే టవర్‌కి దగ్గరగా వచ్చేసి ఉంటుంది, కానన్ పక్కన నిలబడి తమాషా చూస్తుంది. మూడు ఎలిక్సిర్ పోయాయి, టవర్ దెబ్బా తిన్నాం. అలాగని మరీ ముందు పెట్టినా తప్పే, వాడు కానన్ చూసి అవతలి బ్రిడ్జి మీద ఇంకోటి దింపుతాడు. ఏ కార్డైనా దింపాక లేచి నిలబడటానికి సాధారణంగా ఒక సెకను పడుతుంది, ఆ సెకను మనసులో కలుపుకుని వేయాలి. ఫైర్‌బాల్, రాకెట్ లాంటివి రాజు టవర్ నుంచి ఎగిరి వెళ్ళాలి కాబట్టి దూరానికి ఇంకా ఎక్కువ టైం. నడుస్తున్నవాడి మీద రాకెట్ వేస్తే వాడు ఇప్పుడున్న చోట కాదు, అది పడేసరికి ఉండబోయే చోట వేయాలి. చిన్నప్పుడు మామిడి చెట్టు కింద రాళ్ళు విసిరినవాళ్ళకి ఇందులో సగం వచ్చినట్టే అనుకున్నాను, కానీ కాయ కదలదు కదా.

ఊహించి వేయడంలో ఉన్న మజా ఏంటో ఒక్క ఆటతో చెప్తాను. ఛాలెంజ్ ఆడుతున్నాను, పన్నెండు గెలిస్తే పూర్తయ్యేది, మూడు ఓడితే బయటికి, నాకప్పటికే రెండు ఓటములు. అవతలివాడు నా హాగ్ బ్రిడ్జి దాటగానే సరిగ్గా దాని నెత్తిన స్కెలెటన్ ఆర్మీ వేస్తున్నాడు. రెండుసార్లు అదే పని, అదే చోటు. మూడోసారి నేను హాగ్ వేసి, అది బ్రిడ్జి దాటగానే వెనకే లాగ్ వదిలాను. అప్పటికి వాడి వైపు ఒక్క ఎముక కూడా లేదు. చూసేవాడికి పిచ్చోడిలా కనబడతాను. లాగ్ దొర్లుతోంది, అంతలో టపటపా పదిహేను అస్థిపంజరాలు సరిగ్గా దాని కిందే దిగాయి, దిగినవి దిగినట్టే పోయాయి. హాగ్ వెళ్ళి టవర్‌ని సుత్తితో మూడు దెబ్బలు కొట్టింది. పీజీలో పక్క మంచం మీద పడుకున్నవాడు లేచాడు నా అరుపుకి.

నాలుగోసారి మళ్ళీ అదే చేశాను. ఈసారి వాడు స్కెలెటన్ ఆర్మీ వేయలేదు, మినీ పెక్కా అనే బలమైన యోధుణ్ణి వేశాడు. నా లాగ్ దానికి గోకినట్టు తగిలి వెళ్ళిపోయింది, రెండు ఎలిక్సిర్ గంగపాలు, హాగ్ ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా పోయింది, ఆ మినీ పెక్కా అలాగే నడుచుకుంటూ వచ్చి నా టవర్‌ని పడగొట్టింది. ఎందుకంటే నేను వాణ్ణి చదువుతున్నట్టే వాడూ నన్ను చదువుతున్నాడు, "వీడికి ఒకసారి పనిచేసింది, మళ్ళీ చేస్తాడు" అని. ఛాలెంజ్ అక్కడితో అయిపోయింది. కోపంతో రీప్లే పెట్టుకుని చూశాను. ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన సదుపాయం ఈ రీప్లేనే, ఇద్దరి చేతిలో ఉన్న కార్డులు, ఇద్దరి ఎలిక్సిర్ రెండూ కనబడతాయి. వాడి చేతిలో ఆ క్షణానికి స్కెలెటన్ ఆర్మీ కూడా ఉంది. ఉండి కూడా వేయలేదు. అలాంటివాడి చేతిలో ఓడినందుకు బాధ సగం తగ్గింది.

నా సలహా అడిగితే, ఓడిన ఆటల రీప్లే రోజుకి ఒక్కటి చూడండి చాలు. గెలిచినవి చూడకండి, అందులో నేర్చుకునేది ఏమీ ఉండదు, మురిసిపోవడం తప్ప.

ఇప్పుడు తిట్లు.

మొదటిది నెట్. ఈ ఆటలో లాగ్ అనే కార్డు ఉంది, నెట్‌లో ల్యాగ్ అనే రోగం ఉంది, రెండోది మొదటిదాన్ని మింగేస్తుంది. సెకనులో సగం తేడాతో గెలుపోటములు తేలే ఆటలో మన వేలు పెట్టాక కార్డు దిగడానికి అర సెకను ఆలస్యమైతే ఇంత లెక్కా వేసి ఏం లాభం. మాదాపూర్‌లో నేనున్న పీజీలో వైఫై సాయంత్రం ఎనిమిది దాటితే నలభైమంది మీద పడేది, స్క్రీన్ మీద ఆ కనెక్షన్ గుర్తు మిణుకుమిణుకుమనేది, నేను పెట్టిన కానన్ హాగ్ నా టవర్‌ని రెండు దెబ్బలు కొట్టాక ప్రత్యక్షమయ్యేది. ఓనర్‌కి చెప్తే "వాట్సాప్ బానే వస్తోంది కదా" అన్నాడు. ఆయనకి ఎలా చెప్పాలో నాకు తెలీలేదు. మొబైల్ డేటాకి మారాక నయం. ఇంకో సంగతి, మధ్యలో ఫోన్ వస్తే ఆట ఆగదు, అవతల మనిషి ఆడుతూనే ఉంటాడు. అమ్మ సరిగ్గా ఓవర్‌టైమ్‌లోనే ఫోన్ చేస్తుంది, ఎలా కుదురుతుందో ఏమో. అమ్మ టైమింగ్ ముందు నాది ఎంత.

రెండోది లెవెల్స్. ఇది నెట్ కంటే పెద్ద తలనొప్పి, ఎందుకంటే నెట్ మార్చుకోవచ్చు. మామూలు ట్రోఫీల ఆటలో అవతలివాడి కార్డు మనకంటే ఒక్క లెవెల్ ఎక్కువుంటే లెక్కలే మారిపోతాయి. ఇద్దరిదీ ఒకే లెవెల్ అయితే ఫైర్‌బాల్ తగిలిన మస్కెటీర్ కొన ఊపిరితో మిగులుతుంది, నేను ఆడిన ఇన్నేళ్ళూ అంతే. ఫైర్‌బాల్ ఒక లెవెల్ పైనుంటే ఆ ఊపిరీ ఉండదు. నేను సరిగ్గా ఊహించాను, సరిగ్గా టైంకి వేశాను, అయినా ఓడాను, ఎందుకంటే వాడు ఎక్కువ నెలలు ఆడాడు లేదా ఎక్కువ డబ్బు పెట్టాడు. పేకాటలో డబ్బున్నోడికి జోకర్లు ఎక్కువ పంచినట్టుంటుంది. 2023 జూన్‌లో ఎవల్యూషన్ కార్డులు తెచ్చారు, ఒక కార్డుని కొన్నిసార్లు వేశాక తర్వాతిసారి అది బలంగా దిగుతుంది. ఆలోచనగా చూస్తే నాకు నచ్చింది, లెక్కపెట్టేవాడికి ఇంకో లెక్క దొరికింది, "వీడి తర్వాతి మస్కెటీర్ మామూలుదా, బలిసిందా" అని. కానీ దాన్ని తెరవడానికి పోగేయాల్సిన షార్డులు ఊరికే ఆడుకునేవాడికి చీమ నడకలో వస్తాయి, కొనుక్కునేవాడికి వెంటనే. ఒకప్పుడు గెలిచిన పెట్టె తెరవడానికి సిల్వర్‌కి మూడు గంటలు, గోల్డ్‌కి ఎనిమిది గంటలు కాపలా కాసేవాళ్ళం, 2025లో ఆ టైమర్ల గోల తీసేశారు, అది మాత్రం మంచి పని. డబ్బు కట్టి తీసుకునే నెల పాస్ నేను ఇప్పటిదాకా రెండుసార్లు కొన్నాను. రెండోది కోపంలో కొన్నది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

అందుకే ఛాలెంజ్‌లు, అందరికీ ఒకే లెవెల్ పెట్టే టోర్నమెంట్లు ఆడండి అంటాను. అసలు ఆట అక్కడే ఉంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఈస్పోర్ట్స్‌ని ప్రదర్శన కోసం పెట్టినప్పుడు క్లాష్ రాయల్ కూడా అందులో ఉంది. ఇండోనేషియాకి చెందిన రిదెల్ స్వర్ణం గెలిచాడు, మన దేశం నుంచి కరణ్ మంగనాని నాలుగో స్థానం దాకా వెళ్ళాడు. అక్కడివాళ్ళ ఆటలు చూస్తే చేతివేగం కంటే ఆగడం ఎక్కువ కనబడుతుంది. ఎలిక్సిర్ తొమ్మిదిన్నర దాకా వచ్చినా కదలరు, అవతలివాడు ఏం వేస్తాడో చూసి వేద్దామని. మనమైతే ఆరు రాగానే వేలు దురద పెడుతుంది.

ఎమోట్ల గురించి, అంటే ఆట మధ్యలో ఒకరికొకరు పంపుకునే నవ్వు, ఏడుపు బొమ్మల గురించి ఒక్క మాట. ఓడిపోతున్నప్పుడు ఆ గడ్డం రాజు నవ్వు వినబడితే నా లెక్కలన్నీ ఎగిరిపోతాయి, టెన్షన్‌లో చేతిలో ఉన్నది బ్రిడ్జి దగ్గర పడేస్తాను, వాడికి కావాల్సిందీ అదే. మ్యూట్ బటన్ ఉంది, మొదటి సెకనులోనే నొక్కేయండి. సిగ్గుపడాల్సిన పనిలేదు.

మార్కులు అడిగితే, లెవెల్స్ సమానంగా ఉన్న ఆటలో ఐదుకి ఐదు, మామూలు ట్రోఫీల ఆటలో రెండున్నర. రాత్రి పడుకునే ముందు ఆడకండి, ఒక్కటే అనుకుంటే పదకొండు అవుతాయి. పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలుంటే ఫోన్‌లో డబ్బు కట్టే దారి మూసేసి ఇవ్వండి.

బాబాయి సంగతి చెప్పడం మర్చిపోయాను. పోయిన సంక్రాంతికి ఫోన్ ఆయన చేతికే ఇచ్చాను, ఆడు బాబాయ్ నువ్వే అని. నాకంటే బాగా చదువుతాడు కదా, చూద్దామని. కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాడు. అవతలివాడిది మళ్ళీ లాగ్ బెయిట్. "ఇదిగో, ఇప్పుడు డబ్బా వస్తుంది చూడు" అన్నాడు, నిజంగానే వచ్చింది, ఈయన లాగ్ మీద వేలు పెట్టి లాగుతుంటే వేలు జారి కార్డు మళ్ళీ కిందికే వచ్చేసింది, మళ్ళీ లాగేలోపు గోబ్లిన్లు టవర్‌ని పొడిచి పొడిచి వదిలాయి. ఇంకోసారి చెప్పాడు, ఇంకోసారి వచ్చింది, ఇంకోసారి లేటు. మూడు టవర్లూ పోయాయి. కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకుంటూ "వచ్చేది తెలుస్తూనే ఉందిరా, వేలే కదలట్లేదు" అన్నాడు. ఫోన్ నా చేతిలో పెట్టేసి లోపలికి కేకేశాడు, పేకలు తెమ్మని.